మారుమూల ఊళ్ళలో గర్భిణులకు హెచ్‌ఐవీ సేవలు: వ్యాన్ కొనాలా, మనిషిని పెట్టాలా?

కొండదారి

అందరికీ నమస్కారం. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. బండి వెళ్ళే దారి ఆగిపోయాక ఇంకో రెండు మూడు గంటలు నడిస్తే గానీ చేరలేని ఊళ్ళలో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పని చేస్తుంటాం. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే సేవల్ని ఆ ఊళ్ళకు చేర్చమని ఒక దాత ముందుకొచ్చారు. ఆయన మనసంతా సంచార వ్యాన్ మీద ఉంది. పరీక్ష, కౌన్సెలింగ్, మందులు అన్నీ అందులోనే. బొమ్మ కూడా గీయించి పంపారు, పక్కన హెచ్‌ఐవీకి గుర్తుగా వాడే పెద్ద ఎర్ర రిబ్బన్‌తో సహా.

మా కమిటీలో సగం మంది సరేనన్నారు. నాకు మనసొప్పడం లేదు గానీ, గట్టిగా వాదించడానికి చేతిలో సరుకు లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు, ఈ సేవలు వాడుకున్నవాళ్ళు చెప్పండి. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే దేనికి పెడతారు?

పల్లెనర్సు

ముందు ఆ రిబ్బన్ చెరిపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కొండదారి

చెరిపించే పూచీ నాది మేడమ్ :) మిగతాది కూడా చెప్పండి.

పిల్లలడాక్టర్

వ్యాన్ సంగతికి ముందు ఒక విషయం. వైద్యం వైపు నుంచి ఈ సమస్య దాదాపు తేలిపోయింది. ఏ నివారణా లేకపోతే పాజిటివ్ తల్లులకు పుట్టిన నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకుతుంది. కొందరికి కడుపులో ఉండగా, కొందరికి కాన్పులో, కొందరికి పాలద్వారా. తల్లి రోజూ ఏఆర్‌టీ మాత్ర (హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందు) వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, అణిగి ఉంటే, పాలిస్తున్నా ఆ సంఖ్య 5 కంటే కిందికి పడిపోతుంది. క్యూబా 2015లో, థాయ్‌లాండ్ 2016లో తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అరికట్టిన దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకున్నాయి.

ఇక్కడిదాకా వచ్చిన దారి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1994లో ఏసీటీజీ 076 అనే పరిశోధన జిడోవుడిన్ అనే మందు ఒక్కదానితోనే సోకే శాతాన్ని 25.5 నుంచి 8.3కి దించవచ్చని చూపించింది. గొప్ప వార్తే. కానీ నెలల ముందు నుంచి మాత్రలు, కాన్పులో సెలైన్‌తో మందు, బిడ్డకు ఆరు వారాలు సిరప్, పైగా తల్లిపాలు బంద్. మంచినీళ్ళకే మైళ్ళు నడిచే చోట అది జరిగే పని కాదు. 1999లో ఉగాండా పరిశోధన వచ్చింది. నొప్పులు మొదలయ్యాక తల్లికి నెవిరపిన్ అనే మందు ఒక మాత్ర, మూడు రోజుల్లోపు బిడ్డకు ఒక మోతాదు. జిడోవుడిన్ చిన్న కోర్సుతో పోలిస్తే బిడ్డలకు సోకడం దాదాపు సగానికి తగ్గింది. అంత గొప్ప ఫలితమేమీ కాదు, మందుకు వైరస్ లొంగకుండా పోయే చిక్కు కూడా ఉంది. అయినా మారుమూలకు చేరగలిగిన మొదటి మందు అదే.

2011లో మలావీ ఇంకో అడుగు వేసింది. అప్పటి నియమాల ప్రకారం ఎవరికి జీవితాంతం మందు ఇవ్వాలో సీడీ4 పరీక్ష (రోగనిరోధక కణాల లెక్క) చూసి నిర్ణయించాలి. పల్లె కేంద్రాల్లో ఆ యంత్రాలు లేవు. వాటి కోసం ఎదురుచూడకుండా ఆ నియమాన్నే తీసేశారు. పాజిటివ్ అని తేలిన ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఆ రోజు నుంచే జీవితాంతం మందు. దీన్నే ఆప్షన్ బి ప్లస్ అన్నారు. 2015కల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ ఉన్న అందరికీ అదే చెప్పింది. యంత్రం చేరని ఊళ్ళ కోసం చేసిన ఏర్పాటు చివరికి ప్రపంచమంతటికీ పద్ధతి అయింది. మీ దాతగారికి నేనైతే ఈ కథే చెబుతాను.

లెక్కలమాస్టారు

డాక్టర్ గారు చెప్పినదానికి ముందూ వెనకా రెండు లెక్కలు చేరుస్తాను.

మలావీలో ఆప్షన్ బి ప్లస్‌కు ముందు, 2011 రెండో త్రైమాసికంలో ఏఆర్‌టీ మొదలుపెట్టిన గర్భిణులు, పాలిచ్చే తల్లులు 1,257 మంది. 2012 మూడో త్రైమాసికానికి 10,663. ఇది అందరూ చెప్పుకునే లెక్క.

ఎక్కువమంది చెప్పని లెక్క ఇంకోటుంది. 2014లో అదే దేశం నుంచి వచ్చిన విశ్లేషణ. జబ్బు ముదిరో, సీడీ4 పడిపోయో మందు మొదలుపెట్టిన ఆడవాళ్ళతో పోలిస్తే, కడుపుతో ఉండగా మొదలుపెట్టినవాళ్ళు మొదటి రోజు తర్వాత మళ్ళీ మొహం చూపించకపోవడం 5 రెట్లు ఎక్కువ. ఆరు నెలలయ్యేసరికి మొత్తం మీద 17 శాతం మంది జాడ లేదు.

వ్యాన్ చెయ్యగలిగేది మొదటి లెక్కని పెంచడం. రెండో లెక్క దగ్గర వ్యాన్‌కి పనేం లేదు.

ఎదురుప్రశ్న

ఒక చేదు మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. హెచ్‌ఐవీ చాలా తక్కువగా ఉన్న ప్రాంతమైతే అసలు ఇదంతా ఎందుకు? అక్కడ రక్తహీనతతో, బీపీతో, కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లులే ఎక్కువ కదా. ఎవరో దాతకి నచ్చిన జబ్బు కాబట్టి మనం దాని వెంట పరిగెత్తాలా?

పల్లెనర్సు

అనుకోవడానికేం లేదు, సరైన ప్రశ్నే. అందుకే దీన్ని వేరే పనిగా పెట్టుకోకూడదంటాను. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్‌కి ఎలాగూ వేలు గుచ్చుతాం. అదే చుక్కల్లో హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే జంట కిట్ ఉంది. తొలి పరీక్షగా అది వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. సిఫిలిస్ బయటపడితే బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో కడుపులో బిడ్డ నిలుస్తుంది. బీపీ చూడటం, ఐరన్ మాత్రలు, టీటీ సూది, ఈ పరీక్ష అన్నీ ఒకే కుర్చీలో, ఒకే మనిషి చేతిమీదుగా అయిపోవాలి. అప్పుడు ఎవరు దేనికొచ్చారో చూసేవాళ్ళకి తెలియదు. హెచ్‌ఐవీ డబ్బుతో రక్తహీనత పని కూడా నడుస్తుంది. ఇది దాతకి చెప్పక్కర్లేదు, చెప్పినా కాదనరు.

రక్తపుచుక్క

ల్యాబ్ మనిషిగా ఎదురుప్రశ్న గారి మాటకి ఇంకో కోణం. జబ్బు తక్కువగా ఉన్నచోట పరీక్ష ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. ఉదాహరణకి వెయ్యిమందిలో ఒక్కరికే హెచ్‌ఐవీ ఉందనుకోండి. కిట్ నూటికి 99 సార్లు సరిగ్గా నెగటివ్ చూపిస్తుందనుకుందాం. అయినా ఆ వెయ్యిమందిలో దాదాపు పదిమందికి ఉత్తుత్తి పాజిటివ్ గీత వస్తుంది. నిజంగా ఉన్నది ఒక్కరికి! అందుకే వేరువేరు కిట్లతో వరుసగా మూడు పరీక్షల్లోనూ గీత వస్తేనే పాజిటివ్ అని చెప్పాలన్నది ఇప్పటి నియమం. మందు మొదలుపెట్టే ముందు ఇంకోసారి సరిచూసుకోవాలి కూడా.

క్యాంపు హడావిడిలో ఒక్క గీత చూసి మాట జారితే ఒక కాపురం కూలిపోతుంది. మీ వ్యాన్‌లో మూడు రకాల కిట్లు, వాటికి గడువు తేదీలు, ఎండలో వేడెక్కకుండా పెట్టే ఏర్పాటు ఉన్నాయా అని అడగండి.

నేనూ_అమ్మనే

చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం తక్కువ. నేను పాజిటివ్. నా బాబు నెగటివ్, బడికెళ్తున్నాడు.

లెక్కల మాస్టారు గారు జాడ లేకుండా పోయినవాళ్ళ గురించి రాశారు. వాళ్ళు ఎందుకు పోతారో చెబుతాను. ఒంట్లో ఏ నలతా లేకుండా కడుపు చూపించుకుందామని వెళ్తాం. రక్తం తీసుకుంటారు. గంట తర్వాత పక్కగదిలో కూర్చోబెట్టి విషయం చెప్తారు. ఇంకో పావుగంటకి మందు సీసా చేతిలో ఉంటుంది, జీవితాంతం అంటారు. ఆ పావుగంటలో నా చెవికి ఒక్క మాట కూడా ఎక్కలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి అన్న ఒక్క ఆలోచనే.

తర్వాత ఆ సీసా. నడుస్తుంటే సంచిలో గలగలమంటుంది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఏంటమ్మా ఆ చప్పుడు అంటారేమోనని భయం. లోపల దూది కుక్కడం నాకు ఇంకో తల్లి నేర్పింది, డాక్టరు కాదు. లేబుల్ గీకెయ్యడం, మాత్రల్ని విటమిన్ డబ్బాలోకి మార్చుకోవడం, రాత్రి అందరూ పడుకున్నాక కాకుండా పొద్దున్నే ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఎవరూ అడగరన్న సంగతి, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ లేకపోతే నేనూ రెండోసారి వెళ్ళేదాన్ని కాదు.

వ్యాన్ వద్దని చెప్పను. కానీ వ్యాన్ వచ్చిన రోజు దాని మెట్లెక్కింది ఎవరో ఊరంతా చూస్తుంది. దిగేటప్పుడు మొహం కూడా చూస్తుంది.

కొండదారి

అక్కా, మీరు రాసింది కమిటీలో చదివి వినిపించవచ్చా? ఈ ఐడీ కూడా చెప్పను.

నేనూ_అమ్మనే

వినిపించండి. దూది సంగతి తప్పకుండా చెప్పండి.

పిల్లలడాక్టర్

చిన్న మాట. విటమిన్ డబ్బాలోకి మార్చేటప్పుడు తేమ తగలకుండా బిగుతు మూత ఉండాలి, అసలు సీసాలో ఉండే తేమ పీల్చే చిన్న పొట్లం కూడా అందులో వెయ్యాలి. ఇంకోటి, డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న ఏఆర్‌టీ మాత్రని ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవాలంటే కడుపులో అన్నం ఉండాలి. పరగడుపున అయితే ఏఆర్‌టీ మాత్ర రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. లేకపోతే మందు ఒంటికి సరిగ్గా అందదు. గర్భిణులకి రెండూ ఇస్తాం కాబట్టి ఈ మాట ప్రతివాళ్ళకీ చెప్పి తీరాలి.

నేనూ_అమ్మనే

తిన్నాకే వేసుకుంటాను డాక్టర్ గారూ. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

లెక్కలమాస్టారు

ఆవిడకి దూది నేర్పిన ఇంకో తల్లి పేరే ఈ రంగంలో పెద్ద పథకం. 2001లో కేప్‌టౌన్‌లో మదర్స్‌టుమదర్స్ అనే సంస్థ మొదలైంది. ఈ దారిలో నడిచొచ్చిన పాజిటివ్ తల్లుల్నే జీతమిచ్చి ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. మెంటార్ మదర్ అంటారు. తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాలు అందుకున్నాయి. జీతమిచ్చి అన్న మాట కింద గీత గీసుకోండి కొండదారి గారూ. స్వచ్ఛందంగా చెయ్యమంటే మూడు నెలలు చేస్తారు, తర్వాత కూలికి పోతారు, అది వాళ్ళ తప్పు కాదు.

పాతకాపు

అదంతా సరే, పాజిటివ్ తల్లి పాలెందుకివ్వాలి? డబ్బా పాలు ఇస్తే మూడో దారి మూసుకుపోతుంది కదా. ఆ వ్యాన్ డబ్బుతో పాలపొడి కొనిపెట్టండి.

పిల్లలడాక్టర్

వద్దు. బోట్స్వానాలో ఈ ప్రయోగం జరిగిపోయింది. పాజిటివ్ తల్లుల బిడ్డలకి ప్రభుత్వమే పాలపొడి ఉచితంగా ఇచ్చేది. 2006 మొదట్లో పెద్ద వానలు పడి నీళ్ళు కలుషితమయ్యాయి, విరేచనాలు ప్రబలాయి. వందల సంఖ్యలో పసివాళ్ళు పోయారు. ఆస్పత్రిలో చేరిన బిడ్డల్లో అత్యధికులు తల్లిపాలు తాగనివాళ్ళే. హెచ్‌ఐవీ నుంచి తప్పించుకున్న పిల్లలు నీళ్ళతో పోయారు.

ఆ సీసా కడగడానికి శుభ్రమైన నీళ్ళు కావాలి, కాచడానికి కట్టెలు కావాలి, పొడి ఒక్క వారం కూడా ఆగకుండా రావాలి. మారుమూల ఊరంటేనే ఆ మూడూ నమ్మకంగా లేని చోటు.

ఇంకా ప్రమాదమైంది సగం సగం. 1999లో డర్బన్ నుంచి వచ్చిన పరిశోధన చూడండి. మొదటి మూడు నెలలు ఒట్టి తల్లిపాలే తాగిన బిడ్డల కంటే, పాలతో పాటు నీళ్ళూ ఇతర ఆహారమూ పెట్టిన బిడ్డలకే ఎక్కువగా సోకింది. అందుకే మందు వేసుకునే తల్లికి చెప్పేది ఇదీ. ఆరు నెలల దాకా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు. తర్వాత పైఆహారం మొదలుపెట్టి కనీసం ఏడాది వరకూ పాలివ్వండి, మందు మానకుండా ఉన్నంతవరకు రెండేళ్ళూ ఆపైనా ఇవ్వొచ్చు. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇదే. శుభ్రమైన నీళ్ళు, ఆగని సరఫరా ఉన్నచోట లెక్క వేరు, అక్కడ తల్లీ డాక్టరూ కూర్చుని మాట్లాడుకుంటారు.

పల్లెనర్సు

పాలు మానేస్తే ఇంకో గొడవ కూడా ఉంది. అందరూ పాలిచ్చే ఊళ్ళో ఒక్కతే సీసా పట్టుకుంటే ఆ సీసాయే మీ ఎర్ర రిబ్బన్.

పాతకాపు

అర్థమైంది. అడిగింది మంచికే అయింది.

చక్రాలబండి

నేను నమూనాలు మోసే పనిలో ఉన్నాను, మోటార్‌సైకిల్ మీద. లెసోతో కొండల్లో ఇలాంటి రైడర్ల మీదే రక్తం నమూనాలు, ఫలితాలు తిరుగుతుంటాయి. వ్యాన్ ఆగిపోయే దారిలో రెండు చక్రాల బండి వెళ్తుంది, అది కూడా ఆగిన చోట దింపి నడుస్తాం. ఒక వ్యాన్ ధరకి ఎన్ని మోటార్‌సైకిళ్ళు వస్తాయో దాతగారినే లెక్క వెయ్యమనండి.

డ్రోన్లు అంటారేమో ఎవరైనా. 2016 మార్చిలో మలావీలో యూనిసెఫ్ వాళ్ళు ఎగరేశారు, లిలాంగ్వేలో ఒక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాస్పత్రి దాకా 10 కిలోమీటర్లు. బాగుంది. కానీ డ్రోన్ ఫలితం కాగితం పట్టుకుని తల్లి ఇంటికి నడవదు కదా.

కొండదారి

నమూనాలంటే బిడ్డ పరీక్ష గురించేనా? అక్కడ మాకు గందరగోళంగా ఉంది. తల్లికి వేలు గుచ్చి పావుగంటలో చెప్పేస్తున్నారు, అదే కిట్‌తో బిడ్డకీ చూసెయ్యొచ్చు కదా అని మా కార్యకర్తలు అడుగుతున్నారు.

రక్తపుచుక్క

చూడకూడదు. ఆ కిట్ చూసేది వైరస్‌ని కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు. కాబట్టి నెగటివ్ బిడ్డకి కూడా గీత రావచ్చు. పసిబిడ్డకి వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష కావాలి, 4 నుంచి 6 వారాల మధ్య. దానికి ల్యాబ్ ఉండాలి. ల్యాబ్ ఊరికి రాదు కాబట్టి రక్తాన్ని కాగితం మీద ఆరబెట్టి పంపుతాం.

ఎలా చేస్తామో రాస్తాను, మీ వాళ్ళకి పనికొస్తుంది. ముందు బిడ్డ పాదాన్ని వెచ్చబెట్టాలి, తల్లి అరచేతిలో పట్టుకున్నా చాలు. మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చాలి. మొదటి చుక్క పొడి దూదితో తుడిచెయ్యాలి. రెండోది బాగా పెద్దదయ్యేదాకా ఓపిక పట్టి, కాగితం మీది వలయంలో పడనివ్వాలి. వలయం నిండాలి, కార్డు వెనక్కి తిప్పి చూసినా అంతే నిండుగా కనబడాలి. సరిపోలేదని ఆరిన చుక్క మీద ఇంకో చుక్క వేశారో ఆ కార్డు ల్యాబ్‌లో తిరగ్గొడతారు. తర్వాత ఎండ తగలకుండా, ఫ్యాన్ గాలి కింద పెట్టకుండా, బల్లపరుపుగా కనీసం మూడు నాలుగు గంటలు ఆరాలి. ఆరాక ఎరుపు పోయి ముదురు గోధుమ రంగుకి దిగుతుంది. పల్చటి కాగితం మధ్యలో పెట్టి, తేమ పీల్చే పొట్లాలు, తేమ చూపే చిన్న కార్డు వేసి జిప్ కవర్‌లో మూసెయ్యాలి. ఆ చిన్న కార్డు రంగు మారితే పొట్లాలు మార్చాలి. ఇక ఐస్ అక్కర్లేదు. రైడర్ జేబులో పెట్టుకుని వెళ్ళినా చెడిపోదు.

చక్రాలబండి

జేబులో పెట్టం మేడమ్, చెమట పడుతుంది :) పెట్టెలోనే.

పిల్లలడాక్టర్

ఈ కార్డు వెళ్ళి ఫలితం తిరిగి రావడం దగ్గరే ఎక్కువమంది బిడ్డల్ని పోగొట్టుకుంటున్నాం. వైరస్ సోకిన బిడ్డకి మందు పడకపోతే దాదాపు సగం మంది రెండో పుట్టినరోజు చూడరు. చావులు ఎక్కువగా జరిగేది రెండు మూడు నెలల వయసులో. ఆరు వారాలకి రక్తం తీసి, ఫలితం ఇంకో రెండు నెలలకి వస్తే ఆ కాగితం ఎవరికి ఇవ్వాలి? దక్షిణాఫ్రికాలో చేసిన చెర్ పరిశోధన 2008లో తేల్చింది, పసిబిడ్డకి లక్షణాల కోసం ఆగకుండా వెంటనే ఏఆర్‌టీ మొదలుపెడితే చావులు 76 శాతం తగ్గాయి. ఇప్పుడు నీళ్ళలో కరిగే 10 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్రలు ఉన్నాయి, నాలుగు వారాలు దాటి మూడు కిలోలు ఉన్న బిడ్డ నుంచీ ఇవ్వొచ్చు. చేదు సిరప్‌లు, ఫ్రిజ్‌లు అన్న రోజులు పోయాయి. ఫలితం త్వరగా రావడం ఒక్కటే మిగిలింది.

లెక్కలమాస్టారు

రెండు దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. జాంబియాలో ల్యాబ్ ఫలితాన్ని కాగితం మీద కాకుండా ఎస్ఎంఎస్‌గా ఆరోగ్య కేంద్రానికి పంపారు. సగటున 44 రోజులు పట్టేది 27కి దిగింది. మొజాంబిక్ ఇంకా దూరం వెళ్ళింది. చిన్న పీసీఆర్ యంత్రాన్ని ఆరోగ్య కేంద్రంలోనే పెట్టి, అప్పటికప్పుడే ఫలితం చెప్పారు. పాజిటివ్ బిడ్డల్లో 60 రోజుల్లోపు మందు మొదలైనవాళ్ళు పాత పద్ధతిలో 12.8 శాతం, యంత్రం ఉన్నచోట 89.7 శాతం. నేను ఈ రంగంలో చూసిన లెక్కల్లో ఇంత తేడా ఇంకెక్కడా లేదు.

ఎదురుప్రశ్న

అయితే వ్యాన్ బదులు ఆ యంత్రం కొనమందామా?

రక్తపుచుక్క

జనం ఎక్కువ వచ్చే కేంద్రంలో అయితే తప్పకుండా. మీ ఊళ్ళలో నెలకి ఒకరిద్దరు బిడ్డలే ఉంటే యంత్రం దుమ్ము కొట్టుకుంటుంది, కాట్రిడ్జిల గడువు తీరిపోతుంది. క్షయ పరీక్షకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం దగ్గర్లో ఎక్కడైనా ఉందేమో కనుక్కోండి. దాని మీదే బిడ్డల హెచ్‌ఐవీ పరీక్షా నడుస్తుంది, కాట్రిడ్జి మాత్రమే వేరు. ఉన్నదాన్ని పంచుకోవడమే మేలు.

పల్లెనర్సు

అందరూ మొదటి పరీక్ష గురించే మాట్లాడుతున్నారు. నేను చూసేది దాని తర్వాత సంగతి.

ఆరు వారాలకి బిడ్డ నెగటివ్ అని రాగానే ఇంట్లో పండగ. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది, మాత్రలు కూడా మెల్లగా పక్కన పెడుతుంది. కానీ పాలింకా ఇస్తూనే ఉంది! పాలు ఇచ్చినన్నాళ్ళూ దారి తెరిచే ఉంటుంది. బిడ్డకి తొమ్మిదో నెలలో ఇంకోసారి, 18 నెలలకో పాలు మాన్పించిన మూడు నెలలకో, ఏది ఆలస్యమైతే అప్పుడు ఆఖరి పరీక్ష చేశాకే తేలినట్టు. తల్లికి కూడా మందు మొదలుపెట్టిన మూడో నెలలో, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకీ వైరల్ లోడ్ చూడాలి.

ఇంకో గుంపు ఉంది, మన రిజిస్టర్లలోకి రానేరాదు. మొదటి పరీక్షలో నెగటివ్ వచ్చి, తర్వాత కడుపుతోనో పాలిస్తుండగానో కొత్తగా సోకినవాళ్ళు. కొత్తగా సోకినప్పుడు ఒంట్లో వైరస్ విపరీతంగా ఉంటుంది, బిడ్డకి దాటే అవకాశం బాగా ఎక్కువ. తనకి సోకిందని ఆవిడకే తెలియదు, మందు ఎక్కడిది? జబ్బు ఎక్కువున్న చోట చివరి నెలల్లో ఒకసారి, పాలిచ్చేటప్పుడు ఒకసారి మళ్ళీ చూడాలనేది అందుకే. భర్తది పాజిటివ్, ఆవిడది నెగటివ్ అయితే ఆయనకి మందు, ఆవిడకి ముందస్తు నివారణ మాత్ర. గర్భిణి కూడా వేసుకోవచ్చు.

టీకాల తేదీలకి ఇవన్నీ కలిపెయ్యండి. ఏ తల్లయినా బిడ్డ టీకాకి వస్తుంది, ఎవరూ ఎందుకని అడగరు. ఆరో వారం టీకాతో మొదటి చుక్క, తొమ్మిదో నెల తట్టు టీకాతో రెండోది. ఇద్దరి కార్డులూ ఒకే కవర్లో పెట్టండి. వ్యాన్ టీకాల రోజున రానిస్తే, ఒంటి మీద ఏ బొమ్మా లేకపోతే, నాకు దాంతో పేచీ లేదు.

నేనూ_అమ్మనే

భర్త మాట వచ్చింది కాబట్టి. ఆయన్ని పరీక్షకి తీసుకురా అని పాజిటివ్ వచ్చిన రోజే చెప్పొద్దు. కొన్ని ఇళ్ళలో ముందు తెలిసినదానిదే తప్పవుతుంది. కొట్టినవాళ్ళున్నారు, గెంటేసినవాళ్ళున్నారు. ముందు ఆవిడకి ఇంట్లో భయం ఉందా అని ఒంటరిగా అడగండి. ఇద్దర్నీ మొదటి నుంచీ కలిపి పిలిచి, కలిపి పరీక్ష చేసి, కలిపి చెబితే నింద ఒక్కరి మీద పడదు. ఆ ఊరి కార్యకర్తకి నా విషయం చెప్పాలా వద్దా అన్నది కూడా నేనే చెప్పాలి. ఆవిడ మంచిదే కావచ్చు, కానీ ఆవిడ మా ఆడబిడ్డ స్నేహితురాలు.

కొండదారి

ఇది మాకు అసలు తట్టలేదు. ఊరి మనిషినే పెట్టాలని అనుకుంటున్నాం, నమ్మకం ఉంటుందని.

పల్లెనర్సు

ఇద్దరిని పెట్టండి. గర్భిణులందరినీ చూసుకునే ఊరి మనిషి ఒకరు, ఆవిడకి ఎవరి ఫలితమూ తెలియనక్కర్లేదు. తేదీలు గుర్తుచేసి తీసుకురావడం ఆవిడ పని. విషయం తెలిసిన మెంటార్ తల్లి నాలుగైదు ఊళ్ళ అవతలి నుంచి రావాలి, పాలిచ్చే తల్లులందరి ఇళ్ళకీ వెళ్ళాలి. ఒక్క గుమ్మానికే వెళ్తే ఆ గుమ్మం దొరికిపోతుంది.

లెక్కలమాస్టారు

డబ్బు మాట కూడా అనుకోవాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఒక్కసారిగా ఆపేసినప్పుడు చాలా దేశాల్లో ముందు ఆగిపోయింది ఇలాంటి మనుషుల జీతాలే. గోదాముల్లో మందులున్నా, ఇంటికి వెళ్ళి పిలిచేవాళ్ళు లేరు. 2023లోనే ప్రపంచంలో సుమారు 1,20,000 మంది పిల్లలకి కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. మందు తెలియక సోకినవాళ్ళు కాదు వీళ్ళు. కొండదారి గారూ, వ్యాన్ కొనే డబ్బు ఒకేసారి ఇస్తారు, జీతాలకి అయిదేళ్ళు ఇస్తారా అని దాతని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనంటే ఏడాది తర్వాత ఆ పోస్టుల్ని ఎవరు తీసుకుంటారో ఇప్పుడే తేల్చుకోండి.

కొండదారి

కమిటీ అయింది. దూది సంగతి చదివాక గదిలో ఎవరూ వ్యాన్ ఊసెత్తలేదు. దాతగారు మాత్రం ఫోన్లో, మరి నా పేరు ఎక్కడ కనిపిస్తుంది అన్నారు. మోటార్‌సైకిల్ పెట్టె మీద కూడా వద్దన్నాను. కాసేపు నవ్వి, టీకాల ఫ్రిజ్ మీద వేసుకోనివ్వమన్నారు. అదైతే ఫర్వాలేదనుకుంటున్నా. రెండు బండ్లు, ముగ్గురు మెంటార్ తల్లులకి మూడేళ్ళ జీతం అనేదాకా వచ్చింది, అయిదేళ్ళకి ఇంకా బేరం నడుస్తోంది.

ఇంక ఒక్క సందేహం. కాన్పుకో కూలికో వేరే చోటికి వెళ్ళిపోయే తల్లుల్ని ఏం చేస్తారు? ఇంట్లోనే కాన్పు అయిపోతే బిడ్డ మందు?

పల్లెనర్సు

వెళ్ళేది ముందే తెలుస్తుంది, ఏడో నెలలోనే అడగండి. నిలకడగా వేసుకుంటున్న తల్లికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వండి, వీలైతే ఆరు నెలలది. వెళ్ళే చోట కేంద్రం ఏదో కనుక్కుని, అక్కడి నర్సుకి మీరే ఫోన్ చెయ్యండి. చీటీ తల్లి చేతికే ఇచ్చి ఊరుకుంటే అది పెట్టె అడుగున ఉండిపోతుంది. ఎస్ఎంఎస్ పంపితే టీకా తేదీ అని మాత్రమే పంపండి, ఆ ఫోన్ ఇంట్లో అందరిదీ.

బిడ్డ నెవిరపిన్ ఎనిమిదో నెలలోనే తల్లికి ఇచ్చేస్తాం. రెండున్నర కిలోలు, ఆపైన పుట్టిన బిడ్డకి రోజుకి 15 మిల్లీగ్రాములు, అంటే మామూలు సిరప్ ఒకటిన్నర మిల్లీలీటర్లు, ఆరు వారాలు. సిరంజి మీద ఆ గీత దగ్గర రంగు టేపు చుట్టి ఇస్తే చదువు రానివాళ్ళు కూడా తప్పు చెయ్యరు. బరువు తక్కువైన బిడ్డకి మోతాదు తగ్గుతుంది, తల్లి మందు ఆలస్యంగా మొదలైతేనో వైరల్ లోడ్ ఎక్కువుంటేనో బిడ్డకి మందులు పెరుగుతాయి, అవి డాక్టరు చెప్పాలి.

చక్రాలబండి

డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ప్రాట్ పౌచ్ అని ఒకటుంది, ఒక్కో మోతాదు ఒక్కో రేకు పొట్లంలో. చింపి బిడ్డ నోట్లో పిండటమే, ఏడాది దాకా పాడవదు. జాంబియా, ఈక్వడార్‌లలో వాడారు. దొరికితే సిరంజి, టేపు గొడవ ఉండదు.

కొండదారి

రంగు టేపుతో మొదలుపెడతాం. పల్లెనర్సు మేడమ్, మీరు వాడే కవర్ నమూనా, తల్లి కార్డూ బిడ్డ కార్డూ కలిపి పెట్టేది, ఫొటో తీసి పెట్టగలరా? పేర్లు లేకుండా.

పల్లెనర్సు

రేపు డ్యూటీ అయ్యాక పెడతాను. మామూలు గోధుమరంగు కవరే, ఆశపడకండి.